వెతుక్కుంటూ వచ్చే పాఠకుడి కోసం తెలుగు బ్లాగు

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్నెట్‌లో తెలుగు చదివేవారు కరవయ్యారని, రాసేవారిలో ఉత్సాహం సన్నగిల్లిందని వాపోయే లేఖలు మీ పత్రికలో అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. ఆ మాటలో సగమే నిజమని నా అభిప్రాయం. ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తెలుగువారు ప్రతిరోజూ పేజీలకొద్దీ రాస్తున్నారు. అందులో కొంత ఏ వారపత్రికలోనైనా అచ్చువేయదగినంత బాగుంటుంది కూడా. లోటల్లా ఆ రాత వారం తిరిగేసరికి ఎవరికీ దొరకకపోవడమే. వాట్సాప్‌లో రాసినది ఆ గ్రూపు గడప దాటదు. ఫేస్‌బుక్‌లో రాసినది రెండు రోజుల్లో కిందికి జారిపోయి, గూగుల్‌లో వెతికేవారికి చాలావరకు అందకుండా పోతుంది. సొంత బ్లాగు అవసరం ఇక్కడే కనిపిస్తుంది. చాలాకాలంగా తెలుగు బ్లాగులు చదువుతూ, అడపాదడపా రాస్తూ ఉన్నవాడిగా, కొత్తగా మొదలుపెట్టదలచిన వారికి, మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన వారికి కొన్ని సూచనలు చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

2006 ప్రాంతంలో వీవెన్ గారు రూపొందించిన లేఖిని అనే వెబ్ పరికరం వల్ల ఇంగ్లిషు అక్షరాల మీటలతోనే తెలుగు రాయడం సులువైంది. బ్లాగుల్లో కొత్తగా వచ్చిన టపాలన్నీ (బ్లాగులో వేసే ఒక్కో రచనను టపా అంటాం) ఒకేచోట కనిపించే ఏర్పాటు కూడలి అనే సైటు వల్ల కుదిరింది. తర్వాత జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు వచ్చాయి. అప్పట్లో కొత్త టపా వేస్తే గంటలోపే పాఠకులు వచ్చి వ్యాఖ్య రాసి వెళ్లేవారు. బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చదువుకోనిచ్చే గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది, కబుర్లు ఫేస్‌బుక్‌కు తరలిపోయాయి, చాలా బ్లాగులు నిద్రపోయాయి. అయితే వాటిలో కొన్నింటికి ఇవాళ్టికీ పాఠకులు వస్తూనే ఉన్నారు. వారు రచయితను ఎరిగినవారు కారు. ఏదో ఒక విషయం కావలసి, గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చినవారు. ఈ రోజు మెచ్చుకునే స్నేహితుడి కోసం కాక, అయిదేళ్ల తర్వాత అలా వచ్చే అపరిచితుడి కోసం రాయాలన్నదే నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట. మిగిలిన సూచనలన్నీ దాని నుంచి వచ్చినవే.

మొదటిది విషయం ఎంపిక. చాలామంది ‘నా భావాలు’, ‘నా ఆలోచనలు’ వంటి పేర్లతో బ్లాగు తెరిచి, రాజకీయాల మీద రెండు టపాలు, ఒక సినిమా సమీక్ష, ఒక కవిత, సంక్రాంతి శుభాకాంక్షలు రాసేసరికి సరుకు అయిపోయి ఆగిపోతారు. ఎన్నికల గురించి, కొత్త సినిమాల గురించి రాసేవారు వేలమంది ఉన్నారు. వారి మధ్య మన గొంతు వినిపించడం కష్టం, వినిపించకపోయినా ఎవరికీ నష్టం లేదు. అదే శ్రీశైలం జలాశయంలో మునిగిన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో పుట్టి పెరిగినవారు తమ ఊరి వీధులు, గుళ్లు, ఇంటిపేర్లు, జాతర జరిగే తిథి, ఊరు ఖాళీ చేసి ఎవరు ఎటు వెళ్లారన్న సంగతి రాసిపెడితే, అది ఇంకెక్కడా దొరకని సమాచారం అవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన గురించి ప్రభుత్వ లెక్కలు, పత్రికల వార్తలు గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఆ రాత్రి ఒక ఊళ్లో ఎవరు ఏ డాబా ఎక్కి బతికారో, నీళ్లు తీశాక మొదటి వారం తాగునీటికి ఏం చేశారో చూసినవారు చెప్పాలి. అప్పటికి ఊహ తెలిసినవారంతా ఇప్పుడు యాభై దాటినవారే.

అందరికీ ఇంతటి అనుభవం ఉండనక్కర్లేదు. రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించినవారు పొలాల రికార్డులైన అడంగల్‌లోనో పహాణీలోనో ఏ గడిలో ఏముంటుందో మామూలు తెలుగులో వివరిస్తే రైతు కుటుంబాలకు ఎంతో మేలు. పోచంపల్లిలో మగ్గం మీద కూర్చున్నవారు నూలుకు ముడులు వేసి రంగులద్దే పద్ధతిని అంచెలంచెలుగా చెప్పవచ్చు. సీసపు అక్షరాలు కూర్చిన కంపోజిటర్లు, ఆర్టీసీలో టికెట్లు చింపి ఇచ్చిన కాలపు కండక్టర్లు, పల్లెటూరి పోస్టుమాస్టర్లు రాయదలచుకుంటే ఏళ్లకు సరిపడా విషయం ఉంటుంది. వంట గురించి రాసేవారు కూడా ‘తగినంత ఉప్పు’ అని తప్పించుకోకుండా, ఎన్ని కాయలకు ఎంత ఆవపిండి, ఎంత కారం, ఎంత నూనె అన్నది కొలతలతో రాస్తే, అమెరికాలో మొదటిసారి ఆవకాయ పెట్టబోయే పిల్లలు ఆ టపాను వెతికి మరీ చదువుకుంటారు.

రెండవది, రాసినది దొరికేలా రాయడం. ‘జ్ఞాపకాల పొరలు – 7’ అన్న శీర్షిక అందంగానే ఉంటుంది గానీ, ఉప్పెన గురించి వెతికేవారికి అది తగలదు. ఊరి పేరు, ఏడాది, విషయం శీర్షికలోనే ఉండాలి. ఒకే మాటను జనం తుపాను, తుఫాను అని రెండు విధాలా రాస్తారు కనుక, టపాలో ఎక్కడో ఒకచోట రెండు రూపాలూ వచ్చేలా చూసుకోవడం మంచిది. ‘నిన్న’, ‘ఈమధ్య’, ‘మొన్నటి వేసవిలో’ అన్నవి అయిదేళ్ల తర్వాత చదివేవారికి ఏమీ చెప్పవు; తేదీ, ఏడాది రాయాలి. గూగుల్ వారి బ్లాగు సేవ అయిన బ్లాగర్‌లో శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే ఆ టపా చిరునామా ‘బ్లాగ్-పోస్ట్’ అన్న అర్థం లేని మాటతో తయారవుతుంది. ప్రచురించక ముందే పర్మాలింక్ అన్నచోట ఇంగ్లిషు అక్షరాల్లో విషయం తెలిసేలా చిరునామా రాసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఈ చిన్న సంగతి తెలియక ఎన్నో మంచి టపాలు ఒకే రకం చిరునామాలతో ఉండిపోయాయి.

కవితను, వ్యాసాన్ని రంగుల బొమ్మ మీద అచ్చువేసి పెట్టే అలవాటు ఇప్పుడు విపరీతంగా పెరిగింది. బొమ్మలో ఉన్న అక్షరాలను గుర్తుపట్టడం యంత్రాలు నేర్చుకుంటున్న మాట నిజమే అయినా, పాఠంగా రాసినది దొరికినంత తేలికగా అది దొరకదు, కాపీ చేసుకోవడానికీ కుదరదు, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ సరిగా అందదు. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో కొట్టించిన పాత వ్యాసాలను నేరుగా అతికిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. వాటిని ముందు యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే అక్షర పద్ధతిలోకి, మార్చుకోవాలి. వరసల మధ్య ఎడం కాస్త ఎక్కువగా ఉంచకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడి చదివేవారి కళ్లు నొప్పిపుడతాయి. నల్లని నేపథ్యం మీద పసుపు అక్షరాలు పెట్టేవారికి ఏం చెప్పాలో నాకు తోచదు.

ఎక్కడ రాయాలన్నదాని మీద ఎక్కువ తర్జనభర్జన అక్కర్లేదు. బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్.కామ్‌లోనూ ఉచితంగా మొదలుపెట్టవచ్చు. సొంత డొమైన్ (మన పేరుతో వెబ్ చిరునామా) కొనుక్కుంటే హుందాగా ఉంటుంది గానీ, ఏటా రుసుము కట్టడం మరచిపోతే ఆ పేరు మరొకరి చేతికి పోయి, మన చిరునామాలో ఏ జూదపు ప్రకటనలో ప్రత్యక్షం కావచ్చు. ప్రకటనల ఆదాయం మీద ఆశ కూడా పెట్టుకోవద్దని మనవి. బ్లాగుల్లో ప్రకటనలు వేసి ఆదాయంలో వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగును చేర్చుకున్నాక చాలామంది ఆశపడ్డారు. ఆ దారిన వెళ్లినవారిలో పలువురు శీర్షికలో ఒకటి చెప్పి లోపల మరొకటి రాసే పనిలో పడ్డారు. వ్యక్తిగత బ్లాగుకు అది తగినది కాదు.

ఎంత తరచుగా రాయాలని కొత్తవారు అడుగుతుంటారు. రోజూ రాస్తానని ప్రకటించినవారు నెల తిరగకుండానే ఆగిపోవడం చాలాచోట్ల చూశాను. నాలుగైదు టపాలు ముందే సిద్ధం చేసుకుని బ్లాగు తెరిచి, పక్షానికి ఒకటి చొప్పున వేస్తే ఊపిరి తీసుకోవడానికి వ్యవధి ఉంటుంది. పాత టపాలో కొత్త సంగతి తెలిసినప్పుడు తేదీ వేసి దాన్ని చేర్చడం కూడా రాయడమే.

వ్యాఖ్యల విషయంలో మొహమాటం పనికిరాదు. ‘అజ్ఞాత’ పేరుతో వచ్చే తిట్లు, కుల దూషణలు, వాటి మీద జరిగిన వాదాలు తెలుగు బ్లాగుల్లో ఎందరినో, ముఖ్యంగా స్త్రీలను, రాత మాన్పించాయి. వ్యాఖ్యలను పరిశీలించాకే ప్రచురించే ఏర్పాటును మొదటి రోజే పెట్టుకోవాలి. అది భావప్రకటనకు అడ్డు కాదు, మన ఇంట్లోకి ఎవరిని రానివ్వాలన్నది మన ఇష్టం. తప్పు ఎత్తిచూపిన వ్యాఖ్యను మాత్రం ఎంత ఘాటుగా ఉన్నా ఉంచి, దిద్దుబాటు చేసి, కృతజ్ఞత చెప్పాలి.

గూగుల్‌లో కనిపించిన ప్రతి ఫొటో మనదే అనుకోవడం, సినిమా పాటను మొదటి నుంచి చివరి వరకు ఎక్కించడం, ఎవరి కథనో పేరు తీసేసి పెట్టడం ఇప్పటికీ సాగుతున్నాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు సాహిత్య రచనల మీద హక్కులు ఉంటాయి. విమర్శకో సమీక్షకో అవసరమైనంత మేరకు ఉటంకించడం వేరు, మొత్తం దించడం వేరు. అలాగే కుటుంబ సంగతులు రాసేటప్పుడు బతికి ఉన్నవారి అనుమతి తీసుకోవాలి. పిల్లల ఫొటోలు, ఇంటి చిరునామా, ఇల్లు తాళం వేసి తీర్థయాత్రకు వెళ్తున్న వార్త బ్లాగులో ఉండకూడదు.

అన్నింటికన్నా నిర్లక్ష్యం జరిగేది భద్రపరచడంలో. సొంత పేజీలు ఉచితంగా పెట్టుకోనిచ్చిన జియోసిటీస్ 2009లో, ఫేస్‌బుక్ వంటి గూగుల్ ప్లస్ 2019లో మూతపడినప్పుడు వాటిలో రాసుకున్నవారు ఎంతో పోగొట్టుకున్నారు. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండింటిలోనూ టపాలన్నిటినీ ఒకే ఫైలుగా దించుకునే సదుపాయం ఉంది. ఏడాదికి రెండుసార్లైనా ఆ పని చేసి, ఒక ప్రతిని కంప్యూటర్‌లోనూ మరొకటి పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచుకోవాలి. వెబ్ పేజీల నకళ్లను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో టపా చిరునామా ఇచ్చి నకలు దాచమని కోరవచ్చు. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో ప్రకటించింది. పెద్ద వయసు బ్లాగరులు దీన్ని గమనించి, ఖాతా వాడకం ఆగిపోతే నమ్మకస్తులకు సమాచారం అందే ఏర్పాటును ఖాతా సెట్టింగుల్లో ఇప్పుడే చేసిపెట్టుకోవాలి. ఇటువంటి మాట ఎత్తడం కొందరికి అశుభంగా తోచవచ్చు; వీలునామా రాయడం కూడా ఒకప్పుడు అలాగే తోచేది.

చివరగా మీకు రెండు విన్నపాలు. ఒకప్పుడు దినపత్రికల ఆదివారం అనుబంధాలు తెలుగు బ్లాగులను పరిచయం చేసేవి. వారానికి ఒక బ్లాగు చొప్పున, అందులో చదవదగిన టపాల పేర్లతో, పూర్తి చిరునామాతో ఆ శీర్షికను మీరు మళ్లీ ప్రారంభించగలరు. రెండవది, బ్లాగుల్లోని వ్యాసాలను, ఫొటోలను రచయితకు చెప్పకుండా, ‘ఇంటర్నెట్ నుంచి సేకరణ’ అన్న ఒక్క ముక్కతో వేసుకునే అలవాటు కొన్ని పత్రికల్లో ఉంది. మీ పత్రికలో బ్లాగు రచన ఏదైనా ప్రచురించేటప్పుడు ముందుగా అనుమతి తీసుకుని, రచయిత పేరు, బ్లాగు చిరునామా, వీలైతే మిగతా రచయితలకు ఇచ్చే పారితోషికం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక బ్లాగరి, తెనాలి