వేకువ పరుగుకు ఎండపూట అనుమతి: ఒక అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

పేరు, హోదా రాయడం లేదు. విశాఖలో వేసవి పరుగుల ఫైలు ఎవరి బల్ల మీద ఉందో మీకు తెలుసు, మాకూ తెలుసు. అర్జీలిచ్చాం. రశీదులున్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి ఊరందరి ముందూ రాస్తున్నాం.

అన్ని సంతకాలూ ఒకే చోట, పందేనికి రెండు వారాల ముందే అన్నారు. అనుమతి కాగితం మాత్రం పందేనికి ముందురోజు, శనివారం పొద్దుపోయాక చేతికొస్తోంది. అదైనా మేం అడిగినట్టు ఉండదు. 5 గంటలకు మొదలుపెడతామని రాస్తే 6.30 అని దిద్ది పంపుతారు. కారణం రాయరు. జెండా ఊపే పెద్దలు అంత పొద్దున్నే రాలేరని మా అనుమానం. తప్పయితే మన్నించండి.

మే నెలలో ఇక్కడ 5.25 అయ్యేసరికి సూర్యుడు సముద్రం మీదికి వచ్చేస్తాడు. బీచ్ రోడ్డుకు తూర్పున అడ్డేమీ లేదు, ఎండ నేరుగా ఒంటి మీదే. పైగా పరుగుకు చూడాల్సింది టీవీలో చెప్పే ఉష్ణోగ్రత కాదు, తేమ, ఎండ, గాలి కలిపి లెక్కగట్టే డబ్ల్యూబీజీటీ. అది 28 డిగ్రీలు దాటితే పందెం ఆపేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఎప్పుడో చెప్పింది. మన ఉక్కపోతకు తెల్లవారకముందే అది 26 దగ్గర ఉంటుంది. 5 గంటలకు వదిలితే పది కిలోమీటర్ల వాళ్లలో ఎక్కువమంది 6.15లోపు ముగిస్తారు. 6.30కు వదిలితే కొత్తవాళ్లు, వయసు మళ్లినవాళ్లు 8 దాకా ఎండలోనే ఉంటారు. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

"జాగ్రత్తలు తీసుకోండి" అని కాగితం చివర ఒక వాక్యం ఉంటుంది. ఏం జాగ్రత్తలో వినండి. వడదెబ్బ తగిలిన మనిషి తూలతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. ఒంటి లోపలి వేడి 40 దాటి ఉంటుంది. నుదుటి దగ్గర పెట్టి చూసే థర్మామీటర్‌ను నమ్మితే మోసపోతాం. అరగంటలోపు చల్లార్చాలి. మనిషి పట్టే తొట్టిలో 150 లీటర్ల నీళ్లు పోసి, ఐసు ముక్కలు తేలుతూ ఉండగా మెడ దాకా కూర్చోబెట్టి, నీళ్లు కలుపుతూనే ఉండాలి. చల్లారాకే అంబులెన్సు. ముందే ఎక్కించి పంపేస్తే ఆ అరగంట దారిలోనే పోతుంది. ఇంతకీ ఐసు ఎక్కడిది? ఫిషింగ్ హార్బర్‌ది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఐసుకు గిరాకీ తగ్గి, తయారీ కూడా తగ్గే రోజులు. ముందే చెప్పుకోకపోతే దిమ్మ దొరకదు. శనివారం రాత్రి 9కి కాగితమిస్తే ఎవర్ని లేపమంటారు?

నీళ్లూ అంతే. 300 మంది, మూడు స్టాళ్లు, ఒక్కొక్కరికి తాగడానికో గ్లాసు, నెత్తిన పోసుకోవడానికో గ్లాసు. గ్లాసుకు 150 మిల్లీలీటర్ల చొప్పున 270 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు పద్నాలుగు. ఒలికిపోయేదానికి ఇంకో నాలుగు.

ఇక ఆఖరి నిమిషంలో దారి మార్చడం. "తెన్నేటి పార్కు దగ్గర కాదు, కాస్త ముందే తిరగండి" అంటారు. కాస్తేగా అని మీకనిపిస్తుంది. తిరిగే చోటు కోను 50 మీటర్లు జరిపితే పందెం 100 మీటర్లు తగ్గుతుంది, ఎందుకంటే వెళ్లేటప్పుడూ తగ్గుతుంది, వచ్చేటప్పుడూ తగ్గుతుంది. ఆ దారి ఊరికే కొలిచింది కాదు. స్టీలు టేపుతో 300 మీటర్లు కొలిచి, దాని మీద సైకిలు నడిపి చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే జోన్స్ కౌంటర్‌ను సరిచూసి, మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కుతూ కొలుస్తాం. ఎండకు టైర్లో గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి కొలత అయ్యాక మళ్లీ సరిచూడాలి. పొరపాటున తక్కువ రాకుండా వెయ్యి మీటర్లకు ఒకటి చొప్పున, పది కిలోమీటర్లకు పది మీటర్లు కలుపుతాం. మీ "కాస్త"తో అదంతా గాలికి పోయింది.

కొండదారి పందెం సంగతి చెప్పాలంటే, తెల్లవారకముందు అడవిలోకి వద్దన్నారు, ఒప్పుకున్నాం, అది న్యాయమే. కానీ రిబ్బన్లు ముందురోజు వెలుగుండగానే కట్టాలి. చీకట్లో టార్చి వేసుకుని కడితే చీలికల దగ్గర తప్పుతాం, మర్నాడు మనుషులు తప్పిపోతారు.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు 32 కిలోమీటర్ల దారిని లక్షలమందికి తెరిచిపెట్టే యంత్రాంగం మనది. దానికి చేతులెత్తి మొక్కుతాం. మూడు వందల మందికి తెల్లవారుజామున రెండు గంటలు, అదీ వాకర్ల కోసం రోజూ ఎలాగూ కొంతసేపు బళ్లు ఆపే బీచ్ రోడ్డు మీద, ఇవ్వడం అంత కష్టమా?

టైము 5 గంటలకే ఉంచండి. దారి ముట్టుకోకండి. కాగితం ముందే ఇవ్వండి. పదిహేను రోజులు కాకపోతే వారం, వారం కాకపోతే మూడు రోజులు. ముఖ్య అతిథి గారిని బహుమతులిచ్చే వేళకు రమ్మనండి, కుర్చీ, కొబ్బరినీళ్లు మేం చూసుకుంటాం.

వచ్చే ఆదివారం పందేనికి ఐసు అడ్వాన్సు శుక్రవారం మధ్యాహ్నంలోపు కట్టాలి. ఆలోగా సంతకం పడుతుందో లేదో ఆ ఒక్క ముక్క ఫోన్లో చెప్పించండి చాలు. పడదంటే పందెం మానుకుంటాం, 6.30కు మాత్రం పెట్టం.

ఇట్లు,
పరుగు క్లబ్బు వాలంటీర్లు, విశాఖపట్నం