గోడకు కాదు, బీముకు బిగించమన్న సారుకు, పనోళ్లందరికీ కృతజ్ఞతలు

అందరికీ శనార్థులు. నల్లగొండలో మా ఇంటి వెనుక, మొదటి అంతస్తు వంటింటి తలుపు ముందు ఇనుప డెక్కు (ఇంటికి ఆనించి కాళ్ల మీద నిలబెట్టే బయటి వేదిక) పూర్తయింది. పొడవు 12 అడుగులు, వెడల్పు 8, నేల నుంచి ఎత్తు 10. చెయ్యేసినవాళ్లు పేర్లు రాయొద్దన్నారు, అందుకే ఎవరు ఏ పని చేశారో అదే రాస్తున్నాం.

మొదటి దండం రిటైర్డ్ ఇంజినీరు సారుకు. ఇటుక గోడకు బోల్టులు కొట్టొద్దని పని ఆపించింది ఆయనే. డెక్కులు ఎక్కువగా ఊడేది ఇంటికి కలిసే చోటనే. సారు వేసిన లెక్క ఇది: చదరపు మీటరుకు 300 కిలోల జనం బరువు పట్టుకుంటే మొత్తం సుమారు 2,700 కిలోలు, ఇనుము ఇంకో 800. అందులో సగం, అంటే 1,750 కిలోలు ఇంటివైపే పడుతుంది. 300 ఎక్కువనిపించొచ్చు గానీ, వినాయకుడి ఊరేగింపు చూడటానికి అందరూ ఒకేసారి రెయిలింగు దగ్గరికి చేరితే ఎట్లుంటదో తలచుకోండి.

అందుకే స్లాబు కింది కాంక్రీటు బీము మీద ప్లాస్టరు చెక్కేసి, 125 ఎం.ఎం. సి ఆకారపు ఇనుప చానెల్‌ను నేరుగా కాంక్రీటుకే ఆనించారు. మధ్యలో ప్లాస్టరు ఉంటే అది నలిగి బోల్టు వంగుతుంది. ఎం12 కెమికల్ యాంకర్లు (రంధ్రంలో మందు నింపి అతికించే 12 ఎం.ఎం. బోల్టులు) ఏడు, రెండేసి అడుగులకు ఒకటి, ఒకటి పైకి ఒకటి కిందికి. రంధ్రం లోతు 110 ఎం.ఎం. డ్రిల్లుకు లోపలి కడ్డీ తగిలితే దాన్ని కోయకుండా రంధ్రమే పక్కకు జరిపారు. డ్రిల్లింగ్ తమ్ముడికి ప్రత్యేకంగా థ్యాంక్స్: ప్రతి రంధ్రాన్నీ బ్రష్షుతో రుద్ది, పంపుతో ఊది, మళ్లీ రుద్ది, మళ్లీ ఊదాడు. దుమ్ము మిగిలితే మందు కాంక్రీటుకు కాదు, దుమ్ముకు అతుక్కుంటుంది. మందు గట్టిపడటానికి దాని గొట్టం మీద రాసిన సమయం దాటేదాకా నట్టు ముట్టనియ్యలేదు.

రాయి, మట్టితో కట్టిన పాత ఇండ్లలో ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ఇంటివైపు కూడా కాళ్లు నిలబెట్టి, గోడకూ డెక్కుకూ మధ్య అంగుళం సందు వదలాలి.

ముందువైపు కాళ్లు మూడు, 100×100×4 ఎం.ఎం. చదరపు పైపులు. మేస్త్రి అన్న గుంతలు మొరం తగిలేదాకా తవ్వించాడు. ఎర్ర చల్కలో తొందరగానే తగిలింది. నల్లరేగడిలో కట్టేవాళ్లు మాత్రం గట్టి నేల దొరికేదాకా తవ్వడం ఆపొద్దు, ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు పగిలి కాళ్లను ఎత్తి దించుతుంది. పునాది రెండున్నర అడుగుల చదరం, అడుగు మందం, కాంక్రీటు 1:1.5:3 (సిమెంటు, ఇసుక, కంకర). పెడెస్టల్ (పునాది మీది కాంక్రీటు దిమ్మె) నేలకు ఆరంగుళాలు పైకి తేల్చారు, పైపు మొదట్లో నీళ్లు నిలిస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. బేస్ ప్లేటు 12 ఎం.ఎం. మందం, నాలుగు ఎం16 బోల్టులు, కింద సందు నింపడానికి గ్రౌటు (పలుచటి సిమెంటు మిశ్రమం). పైపుల పైమూతి ప్లేటుతో మూసేశారు.

వెల్డింగ్ అన్న గురించి చెప్పాలంటే, ఒక్క జాయింటు కూడా చుక్కలతో వదల్లేదు. చుక్క వెల్డింగు నిలబెట్టేదాకానే, ఆ తర్వాత చుట్టూ నిండుగా పోయాల్సిందే. వెల్డు మీది పొక్కు చెక్కి, దాని కింద తేడా లేదని చూసుకున్నాకే తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు రెండు కోట్లు వేశాడు. అడ్డ చానెళ్లు 100 ఎం.ఎం.వి రెండడుగులకు ఒకటి, పైన 5 ఎం.ఎం. చెకర్డ్ ప్లేటు (జారకుండా గీతలు ఉబ్బిన ఇనుప రేకు). షాబాదు బండలు పరుద్దామన్న మా ఆలోచనను వద్దన్నదీ ఆయనే: చానెళ్ల మధ్య బండ పగిలితే చెప్పకుండా ఊడి పడుతుంది. కాళ్ల మధ్య 50×50×6 ఎం.ఎం. ఎల్ ఆకారపు యాంగిల్‌తో ఐమూలగా కట్లు పడ్డాకే ఊగు ఆగింది. ఇంటివైపు నుంచి బయటికి అంగుళం వాలు ఉంది, వాన నీళ్లు గోడకు చేరవు.

రెయిలింగు మూడున్నర అడుగులు, కడ్డీలన్నీ నిలువుగానే, సందు నాలుగంగుళాలకు లోపు. అడ్డకడ్డీలు పెడితే పిల్లలకు అవి మెట్లయితయి. రెయిలింగు కాళ్లను ప్లేటుకు కాకుండా చానెల్ పక్కకే వెల్డు చేయించాం.

హార్డ్‌వేర్ షాపు అన్నకు థ్యాంక్స్, తక్కువ గేజు (పలుచటి) పైపు చూపించకుండా కాటా వేసి ఇచ్చినందుకు. పునాదులకు పద్నాలుగు రోజులు పొద్దున సాయంత్రం గోనె సంచులు తడిపిన కూలీ అమ్మకు కూడా. ఆమె రాని ఒక్క ఆదివారం కూడా లేదు.