నక్షత్రం ఆరకపోయినా అది ఫలితమే

సంపాదకులకు,

సుదూరంలోని ఒక చిన్న గ్రహం నక్షత్రానికి అడ్డుగా వెళ్లిన రాత్రి గురించి మీరు ప్రచురించిన వార్తలో ‘పరిశీలకుల్లో చాలామందికి నిరాశే మిగిలింది’ అన్న వాక్యం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. నక్షత్రం ఆరడం చూసినవారికే ఫలితం దక్కిందనీ, తక్కినవారి జాగారం వృథా అనీ పాఠకులు అనుకునే ప్రమాదం ఉంది.

నక్షత్రం ఎంతో దూరాన ఉండటం వల్ల దాని కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి. కనుక అడ్డువచ్చిన వస్తువు ఎంత వెడల్పు ఉంటుందో, భూమి మీద పడే దాని నీడ కూడా ఇంచుమించు అంతే వెడల్పు ఉంటుంది. నెప్ట్యూన్ అవతలి వస్తువుల నీడ తరచుగా సెకనుకు 20 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో సాగిపోతుంది. ఒక చోట నక్షత్రం ఎంతసేపు మాయమైందో కొలిస్తే ఆ వస్తువుకు అడ్డంగా ఒక గీత పొడవు తెలుస్తుంది, పక్కపక్క చోట్ల నుంచి అలాంటి గీతలు కొన్ని చేరితే ఆకారం తేలుతుంది. అయితే ఆ ఆకారం ఏ హద్దు దాటి పోలేదో చెప్పగలిగేది మాత్రం, నీడ తాకని చోట నిలబడి నక్షత్రం ఒక్క క్షణమైనా ఆరలేదని రికార్డు చేసినవారే.

నెప్ట్యూన్ అవతల ఉన్న, ఇప్పుడు అరొకోత్ అని పిలుస్తున్న చిన్న వస్తువు సంగతే చూడండి. నాసా అంతరిక్ష నౌక న్యూ హొరైజన్స్ దాన్ని చేరకముందే దాని కొలతలు తెలుసుకోవాలని 2017 జూన్ 3న దక్షిణాఫ్రికా, అర్జెంటీనాల్లో పరిశీలకులు బారులు తీరితే ఒక్కరికీ నక్షత్రం మరుగుపడలేదు. వారు దాన్ని వైఫల్యంగా కొట్టిపారేయకుండా, వస్తువు అనుకున్నదానికన్నా చిన్నదై ఉండవచ్చని లెక్కలు మళ్లీ చూసుకున్నారు. అదే ఏడాది జూలై 17న అర్జెంటీనాలోని కొమొదోరో రివదావియా ప్రాంతంలో, వాహనాల వెలుగు పడకుండా రహదారి మూసి, గాలికి అడ్డుగా లారీలు నిలిపి 24 టెలిస్కోపులు పెడితే వాటిలో అయిదు టెలిస్కోపులకే నీడ చిక్కింది. ఆ కొద్ది గీతలతోనే అది రెండు ముద్దలు కలిసిన ఆకారం కావచ్చని తేలింది, 2019 జనవరి 1న నౌక పంపిన చిత్రాలు ఆ మాటను నిజం చేశాయి.

2013 జూన్ 3న దక్షిణ అమెరికా నుంచి చూసిన చారిక్లో అనే చిన్న గ్రహం విషయం ఇంకా విచిత్రం. సుమారు 250 కిలోమీటర్ల ఆ వస్తువు నీడ పడని చోట్ల కూడా నక్షత్రం క్షణకాలం మసకబారింది. దాని చుట్టూ రెండు సన్నని వలయాలున్నాయని అప్పుడే బయటపడింది. నీడ దారి బయట ఉన్నామని టెలిస్కోపు సర్దేసి ఉంటే ఆ సాక్ష్యాల్లో కొన్ని దక్కేవే కావు.

మబ్బు కమ్మితే మాత్రం అది ఫలితం కాదు, ఆ నిరాశ న్యాయమైనదే. నాకు నిజంగా నష్టం జరిగిన రాత్రి మరొకటి ఉంది. కంప్యూటర్ తెర మీద వణుకుతున్న తెల్లచుక్క ఠక్కున పోయింది, నాలుగు సెకన్లపాటు ఆ చోట గరుకు చీకటి తప్ప ఏమీ లేదు, మళ్లీ వెలిగింది. సంతోషంతో లేచాక చూసుకుంటే, గడియారాన్ని జీపీఎస్‌తో సరిచేయడం మరిచిపోయాను. ఎంతసేపు ఆరిందో మిగిలింది గానీ, ఎప్పుడు ఆరిందో పోయింది. గడియారంలో రెండు సెకన్ల తేడా ఉన్నా నీడ దారిలో 40 కిలోమీటర్లకు పైగా పొరపాటు. అదే రాత్రి సరైన గడియారంతో ‘ఏమీ జరగలేదు’ అని నమోదు చేసినవారి రికార్డు నాదానికన్నా విలువైనది.

ఇకమీదట ఇలాంటి వార్త ముందుగా వేసేటప్పుడు నీడ దారి, దాని అంచనాలో ఉన్న అనిశ్చితి, సెకన్లతో సహా సమయం, నక్షత్రపు ప్రకాశం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. నీడ దారికి కాస్త అవతల ఉన్నవారిని కూడా టెలిస్కోపుతో సిద్ధంగా ఉండమని అందులోనే ఒక వాక్యం చేర్చండి.

ఇట్లు,
ఒక ఔత్సాహిక పరిశీలకుడు