పండగ అయ్యాక చామంతిని పెరికి పారేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి వెళ్లి పది రోజులైందో లేదో, వీధుల్లో చెత్తబండ్ల మీద పూలు మాడిన చామంతి మొక్కలు కనబడుతున్నాయి. కుండీలోంచి మట్టిగడ్డతో సహా పెరికి వేసినవే ఎక్కువ. అలాంటి గడ్డనొకదాన్ని తీసి విదిలించి చూడండి. ఎండిన కాడల అడుగున, మట్టి అంచుల్లో, వేలెడు పొడవున పచ్చని పిలకలు నాలుగైదు ఉంటాయి. పూత అయిపోయిందే గానీ మొక్క చావలేదు. వచ్చే మార్గశిరంలో లక్ష్మీవారం పూజకు పూలివ్వాల్సిన మొక్కను మనమే చేజేతులా పారేస్తున్నాం.

బంతి, చామంతి అని జంటగా పలకడం మనకు అలవాటు. ఆ అలవాటే కొంప ముంచుతోందని మా అభిప్రాయం. బంతి విత్తనంతో మొలిచి, నాలుగైదు నెలల్లో పూసి, గింజ కట్టి ఎండిపోతుంది. దాన్ని పీకేయడంలో తప్పు లేదు. చామంతి బహువార్షికం. పైన కాడ ఎండినా కింద వేరు బతికే ఉంటుంది, ఏటా చుట్టూ కొత్త పిలకలు వేస్తుంది. ఒక్క మొక్కను సరిగ్గా చూసుకుంటే వచ్చే ఏడాదికి పది కుండీలు నిండుతాయి.

పూత ముగిసిన వెంటనే, అంటే ఈ జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో, కాడలన్నిటినీ మట్టికి 4 అంగుళాల ఎత్తులో కత్తెరతో కోసేయాలి. పిలకలను మాత్రం ముట్టుకోకూడదు. కుండీలో రాలిన ఆకులు, కుళ్లిన పూలు ఏరేయాలి, ఎందుకంటే ఆకుమచ్చ తెగులు వాటిలోనే దాగి మళ్లీ పైకి ఎక్కుతుంది. పైమట్టిని అంగుళం లోతున గుల్ల చేసి గుప్పెడు వర్మీకంపోస్టు వేసి నీళ్లు పోస్తే చాలు.

నర్సరీ నుంచి తెచ్చిన కుండీ అయితే ఇంకో పని ఉంది. నర్సరీలకు పేరున్న కడియం నుంచి వచ్చినా మరెక్కడి నుంచి వచ్చినా పూలకుండీ చామంతి తరచూ కొబ్బరిపీచు పొట్టుతో చేసే కోకోపీట్‌లో పెరిగినదే. అది ఒకసారి పూర్తిగా ఎండితే కుండీ గోడల నుంచి విడిపోయి ముద్ద కడుతుంది. పైన పోసిన నీరు ఆ సందులోంచి జారి కింది రంధ్రంలోంచి వచ్చేస్తుంది. నీళ్లు పోశామని మనం అనుకుంటాం, వేరు మాత్రం పొడిగానే ఉంటుంది. అలాంటప్పుడు కుండీని బకెట్ నీళ్లలో 15, 20 నిమిషాలు ముంచి ఉంచి తీసి నీరు ఓడనివ్వాలి. ఆ కుండీలో ఒకే మొక్క ఉందని కూడా అనుకోవద్దు. గుబురుగా కనబడేందుకు మూడు నుంచి ఐదు కొమ్మలను కలిపి నాటుతారు. మట్టి మార్చేటప్పుడు వాటిని విడదీసి వేటికవి పెట్టుకోవచ్చు. రెండో ఏడు మొక్క పొడుగ్గా ఎదిగితే రకం మారిపోయిందని కంగారు పడేవాళ్లున్నారు. అమ్మకానికి పెంచే కుండీ చామంతులకు చాలాచోట్ల ఎదుగుదల తగ్గించే మందు కొడతారు. ఆ మందు ప్రభావం తగ్గాక మొక్క తన అసలు ఎత్తుకు వస్తుంది. అంతకు మించి ఏమీ లేదు.

ఏప్రిల్, మే నెలల్లో చామంతికి ఏమీ పెట్టకుండా బతికించడమే పని. ఎండ ఇష్టపడే మొక్కే అయినా మన నడివేసవి ఎండను కుండీలో తట్టుకోలేదు. ఎండాకాలం ఉదయం 10 గంటల దాకా ఎండ తగిలి, తర్వాత నీడ పడే చోటికి జరపాలి, లేదా షేడ్‌నెట్ కింద పెట్టాలి. నీరు పొద్దున్నే పోయాలి. ఎరువు వేయకూడదు. ఆ వేడిలో వచ్చే లేత చిగురు, ఆకు రసం పీల్చే సన్నని ఎర్రనల్లి పురుగుకు విందు.

తొలకరి పడి గాలి చల్లబడ్డాక అసలు పని మొదలవుతుంది. పిలకను వేరుతో సహా విడదీసి నాటుకోవచ్చు, అది తేలిక. కొమ్మ కొసలు పెంచుకుంటే మాత్రం మొక్కలన్నీ ఒకే ఎత్తున, పాత మట్టిలోని తెగుళ్లు అంటకుండా వస్తాయి. మా ఓటు దానికే. పూలమొగ్గ లేని, వంచితే పుటుక్కున విరిగే లేత కొస రెండున్నర అంగుళాల పొడవున, కణుపుకు సరిగ్గా కిందగా కోయాలి. కింది సగంలో ఆకులు తీసేసి, పైన నాలుగు ఆకులు ఉంచాలి. కడిగిన ఇసుకలో అంగుళం లోతున గుచ్చి, నీడలో పెట్టి, రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే 15 నుంచి 20 రోజుల్లో వేరు పడుతుంది. ఆకు పట్టుకుని చిన్నగా పైకి లాగితే కదలకుండా ఉందంటే వేరు పట్టినట్టే. వంచితే విరగకుండా పీచులా వంగే ముదురు కొమ్మ పెడితే ఒక పట్టాన వేరు పోయదు. చాలామందికి కొమ్మలు బతకకపోవడానికి కారణం ఇదే.

నాటడానికి 10 అంగుళాల కుండీ కావాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, కుండీకి గుప్పెడు వేపపిండి కలపాలి. నల్లరేగడి ఒక్కటే వాడితే వానాకాలంలో వేరు కుళ్లుతుంది. రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. అంతకు తగ్గితే కాడ సాగి, ఆకుల మధ్య దూరం పెరిగి, మొక్క పక్కకు వాలిపోతుంది.

నాటిన నాలుగు వారాలకు, మొక్క జానెడు ఎత్తున ఉండగా, కొసను అర అంగుళం మేర గోటితో గిల్లేయాలి. కింది కణుపుల నుంచి మూడు నాలుగు పక్క కొమ్మలు వస్తాయి. మరో నెలకు వాటి కొసలూ గిల్లాలి. అలా రెండుసార్లు గిల్లిన మొక్కకు పది పన్నెండు కొమ్మలుంటాయి. అసలు గిల్లనిది ఒంటికాడగా ఎదిగి, చివర పిడికెడు పూలు పూసి ఊరుకుంటుంది. ఇందులో తేదీ ముఖ్యం. వినాయక చవితి దాటాక చామంతి మీద గోరు పెట్టకూడదు. అప్పటికే కొసల్లో మొగ్గ తయారయ్యే సమయం వస్తుంది. ఆ తర్వాత గిల్లితే మొగ్గనే గిల్లినట్టు. పువ్వు పెద్దగా కావాలంటే అక్టోబరులో కొమ్మకు ఒక మొగ్గే ఉంచి పక్కవి తీసేయాలి. దండలకు, పూజకు పెంచే నాటు చామంతికి ఆ పని అక్కర్లేదు.

ఇవన్నీ చేసినా నవంబరు చివర కూడా మొక్క పచ్చగా, గుబురుగా ఉండి ఒక్క మొగ్గా వేయలేదంటే ఎరువును అనుమానించే ముందు రాత్రిపూట ఒకసారి దాని దగ్గరికి వెళ్లి చూడాలి. చామంతి రాత్రి పొడవును బట్టి పూతకు వస్తుంది. హైదరాబాదులో జూన్ మూడో వారంలో పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరు మూడో వారానికి అది 11 గంటల చిల్లరకు తగ్గుతుంది. రాత్రులు సాగి, వాతావరణం చల్లబడిన కొద్దీ కొసలో ఆకు పుట్టడం ఆగి మొగ్గ పుడుతుంది. పగలు, రాత్రి నిడివికీ పూతకూ ఉన్న ఈ ముడిని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ప్రయోగాలతో వెల్లడించారు. ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచే పాలీహౌస్ రైతులు దాన్నే ఆసరా చేసుకుని, అర్ధరాత్రి నాలుగు గంటలు బల్బులు వెలిగించి పూతను ఆపుతారు, సాయంత్రాలు నల్లగుడ్డ కప్పి ముందుకు తెస్తారు. మన గేటు పక్క కుండీకి వీధిదీపం, వరండా బల్బు తెల్లవార్లూ చేసేది ఆ మొదటి పనే. మధ్యలో వెలుగు పడితే ఒక పొడవైన రాత్రి ఆ మొక్కకు రెండు పొట్టి రాత్రులు. పాత ట్యూబ్‌లైటైనా కొత్త ఎల్‌ఈడీ అయినా తేడా లేదు.

పరీక్ష సులువే. రాత్రి 9 గంటలకు మీ పత్రికనే పట్టుకుని కుండీ పక్కన నిలబడాలి. శీర్షికలు చదవగలిగితే ఆ చోటు చామంతికి పనికిరాదు. సెప్టెంబరు మొదటి వారంలోనే కుండీని ఇంటి వెనక్కో, మేడ మీద దీపం పడని మూలకో మార్చాలి. నేలలో నాటి ఉంటే చీకటి పడ్డాక అట్టపెట్టె బోర్లించి పొద్దున్నే తీసేయాలి. ఎండ ఉండగానే కప్పితే లోపల వేడి చేరి మొగ్గ ఇంకా ఆలస్యమవుతుంది. మొగ్గ బఠాణీ గింజంతై రంగు కనబడేదాకా, ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్క రాత్రీ మానకుండా ఇది సాగాలి. రంగు తిరిగాక మళ్లీ గుమ్మం ముందు పెట్టుకోవచ్చు.

నీటి విషయంలో జరిగే పొరపాటు మొక్క ప్రాణం తీస్తుంది. అక్టోబరు, నవంబరులో తుపాను వానలకు కోస్తా జిల్లాల్లో కుండీల రంధ్రాలు మూసుకుపోయి నీరు నిలుస్తుంది. వేరుకు గాలి ఆడక కుళ్లడం మొదలవుతుంది. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు కాబట్టి ఆకులు వాడిపోతాయి. ఆకు వాడిందని మనం ఇంకో చెంబు పోస్తాం. ఆకు వాలినప్పుడల్లా ముందు వేలు రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి చూడాలి. తడి తగిలితే నీరు పోయకుండా రంధ్రం పుల్లతో పొడిచి, కుండీని ఇటుకల మీదికి ఎత్తాలి. ఏ కాలమైనా నీరు మొక్క మొదలు దగ్గరే పోయాలి. పైనుంచి పోస్తే మట్టి చిందులు కింది ఆకులకు అంటి నల్లమచ్చలు వస్తాయి, అవి మెట్టుమెట్టుగా పైకెక్కుతాయి. మచ్చ పడ్డ ఆకులు తుంచేసి, లీటరు నీటికి మాంకోజెబ్ అనే తెగుళ్ల మందు రెండున్నర గ్రాములు కలిపి పది రోజుల తేడాతో రెండుసార్లు కొడితే ఆగుతుంది.

ముద్ద చామంతి పువ్వు మీద నీరు పడకుండా చూడడానికి మరో కారణం ఉంది. ఒక రేకను మెల్లగా లాగి మొదలు చూస్తే సన్నని గొట్టంలోంచి రెండుగా చీలిన కీలాగ్రం, అంటే పువ్వులోని ఆడ భాగం కొస, కనబడుతుంది. మనం రేక అనుకునే ప్రతిదీ ఒక పువ్వే. ముద్ద రకాల్లో అలాంటివి వందల కొద్దీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. వాటి మధ్య చేరిన నీరు ఆరదు, పువ్వు లోపలి నుంచి గోధుమరంగుకు తిరిగి కుళ్లుతుంది.

మొగ్గల మెడ మీద నల్లగా, గుంపుగా పట్టి రసం పీల్చే పేనుబంక పురుగుకు మొదట నీటిధార చాలు. వదలకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం ఆకు అడుగున తగిలేలా కొట్టాలి. విచ్చిన పువ్వుల మీద కొడితే రేకుల మీద మరకలు పడతాయి. మొగ్గలు కనబడ్డాక యూరియా జోలికి పోకూడదు. ఆకు పెరిగి పువ్వు తగ్గడమే కాదు, ఆ మెత్తని చిగురుకు పేనుబంక రెట్టింపు పడుతుంది.

మీ పత్రికకు ఒక మనవి. డిసెంబరులో చామంతి అందాల గురించి రాసేటప్పటికి చేయాల్సిన పనుల కాలం దాటిపోయి ఉంటుంది. జూన్ మొదటి వారంలో కొమ్మలు నాటమని, చవితికి వారం ముందు గిల్లడం ఆపి కుండీని దీపానికి దూరంగా జరపమని రెండుసార్లు నాలుగేసి వాక్యాలు వేయండి. నర్సరీల వారు కూడా పూలకుండీతో పాటు పూత ముగిశాక ఎక్కడ కోయాలో రాసిన చిన్న చీటీ ఇవ్వాలి. ఇప్పటికైతే, ఈ ఉత్తరం చదివేవారి వాకిట్లో ఎండిన చామంతి కుండీ ఇంకా ఉంటే, ఈ ఆదివారమే 4 అంగుళాలు వదిలి కోసేయండి. మార్చి వచ్చేసరికి పిలకలు జానెడు ఎదుగుతాయి.

— మిద్దెతోట సాగుదారులు, రాజమహేంద్రవరం