ఆ ఫారంలో ఇంకో గడి పెట్టండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ హెల్త్ పేజీలో బీపీ, షుగర్, గుండె జబ్బుల మీద వచ్చిన ఆర్టికల్ చదివాను, బాగానే రాశారు కానీ మొదట్నించి చివరిదాకా ఒకటే పాట, ఇంట్లో ఎవరికైనా ఉంటే మీకూ వస్తుంది జాగ్రత్త అని. వంశం లేదని నేననను. కానీ మనిషి పీల్చిన గాలి, తాగిన నీళ్లు, చేసిన పని, పెరిగిన ఇంట్లో పొగ, వీటి గురించి ఒక్క లైనన్నా ఉండాలి కదండీ.

నా సంగతి చెప్తాను. ఈమధ్య బీపీ చూపించుకుందామని ఆస్పత్రికి వెళ్తే ఫారం ఇచ్చారు, అందులో తండ్రికి బీపీ ఉందా అని ఉంటే ఉంది అని టిక్ పెట్టా, డాక్టర్ గారు అది చూసి ఓ, హెరిడిటరీ అనేసి మందు రాసేశారు. మా నాన్న 30 ఏళ్లు ప్రెస్సులో కంపోజిటర్. మీ పేపర్ వాళ్లకి నేను చెప్పేదేముంది, అప్పట్లో అచ్చంటే సీసం అక్షరాలే, సీసంలో కాస్త యాంటిమనీ, తగరం కలిపి పోసిన టైపు, పొద్దున్నుంచి రాత్రిదాకా దాన్ని వేళ్లతో ఏరి పేర్చడమే ఆయన ఉద్యోగం, అదే చొక్కాతో ఇంటికొచ్చేవాడు, ఆ చొక్కాకి మొహం ఆనించి నిద్రపోయేవాణ్ణి నేను. సీసం ఒంట్లో చేరితే బీపీ పెరుగుతుందని, కిడ్నీలు దెబ్బతింటాయని డాక్టర్లకి ఎప్పట్నించో తెలిసిన విషయమే. మరి మా నాన్న బీపీ వంశం వల్లా, సీసం వల్లా, రెండిటి వల్లా? ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, ఒప్పుకుంటా. నా బాధల్లా ఆ ప్రశ్న అడగడానికి ఆ ఫారంలో గడే లేదని.

పోనీ ఇదేమన్నా కొత్త డిమాండా అంటే అదీ కాదు. ఇటలీలో బెర్నార్డినో రామజ్జినీ అనే డాక్టరు 1700లోనే పనుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాసి, రోగిని అడిగే ప్రశ్నల్లో నువ్వేం పని చేస్తావ్ అన్నది కూడా కలపండయ్యా అని తోటి డాక్టర్లకి చెప్పాడు. 300 ఏళ్లు దాటింది, మన ఫారంలోకి ఇంకా ఎక్కలేదు.

2003లో మనిషి జీనోమ్, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే జీన్స్ మొత్తం రాత, చదవడం పూర్తయిందని ప్రపంచమంతా పండగ చేసుకుంది, ఇంక జబ్బుల గుట్టంతా బయటపడుతుందనుకున్నారు. రెండేళ్లకి, 2005లో, క్రిస్టఫర్ వైల్డ్ అనే సైంటిస్టు ఎక్స్‌పోజోమ్ అనే మాట తెచ్చాడు. అమ్మ కడుపులో పడ్డప్పట్నించి చచ్చేదాకా మనకి బయట నుంచి తగిలే వాటన్నిటి మొత్తం లెక్క అన్నమాట. జీన్స్‌ని అంత బాగా కొలుస్తున్నాం, ఈ రెండో వైపు కొలత మాత్రం ఇంకా మొరటుగానే ఉంది అన్నదే ఆయన గొడవ. నిజమే కదా, జీన్స్‌కైతే ఒక్కసారి రక్తం తీస్తే చాలు, గాలీ నీళ్లూ పనీ అలా కాదు, రోజూ మారిపోతుంటాయి.

మనం మర్చిపోయినా ఒళ్లు మర్చిపోదండి. సీసాన్నే తీసుకోండి, ఒంటికి అదీ కాల్షియమూ ఒకేలా కనపడతాయి కాబట్టి ఎముకల్లో దాచేస్తుంది, పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న సీసంలో చాలా భాగం ఎముకల్లోనే, అదీ పదుల ఏళ్లు. గర్భంతో ఉన్నప్పుడో, వయసు మళ్లి ఎముకలు అరిగేటప్పుడో మళ్లీ రక్తంలోకి వస్తుంది. ఇంటి రేకుల్లో వాడే ఆస్బెస్టాస్ అనే పీచు ఇంకా ఘోరం, అది పీల్చినవాళ్లకి మెసోథెలియోమా అనే క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పట్టొచ్చు, అప్పటికి మనిషి రిటైరై ఉంటాడు, ఆ ఫ్యాక్టరీ ఉంటుందో ఉండదో. పైగా ఆస్బెస్టాస్ తగిలిన మనిషి సిగరెట్ కూడా తాగితే లంగ్ క్యాన్సర్ రిస్క్ ఏదో కాస్త కలవడం కాదు, ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. ఇంక ఈ రోజు జబ్బుకి ఈ రోజు అలవాట్లలో కారణం వెతికితే ఏం దొరుకుతుంది?

కడుపులో బిడ్డ సంగతి అడక్కండి. నెదర్లాండ్స్‌లో 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల కరువొచ్చింది, అప్పుడు తల్లి కడుపులో తొలి నెలల్లో ఉన్న పిల్లలకి పెద్దయ్యాక గుండె జబ్బులు ఎక్కువ కనపడ్డాయి. జపాన్‌లో మినమాటా జబ్బు 1956లో బయటపడింది, ఫ్యాక్టరీ నీళ్లలో పాదరసం, అది చేపల్లోకి, చేపల్నించి మనుషుల్లోకి. తల్లి కడుపులో బిడ్డకి విషం దిగదు, మాయ (ప్లాసెంటా) ఆపేస్తుంది అని అప్పట్లో డాక్టర్ల నమ్మకం, కానీ తల్లి పెద్దగా ఇబ్బంది లేకుండా తిరుగుతుంటే పుట్టిన బిడ్డకి మెదడు దెబ్బతిని ఉండేది. అక్కడివాళ్లకి బిడ్డ బొడ్డుతాడు ఎండబెట్టి దాచుకునే అలవాటుంది, ఏళ్ల తర్వాత ఆ తాళ్లు పరీక్ష చేస్తే పాదరసం లెక్క అందులో దొరికింది. అది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇదంతా భయపెట్టడానికి రాయట్లేదు, ఆపితే ఆగుతుందని కూడా తెలుసు. బ్రిటన్‌లో డాక్టర్లనే 1951 నుంచి 50 ఏళ్లు ఫాలో అయి చూస్తే, సిగరెట్ మానకుండా తాగినవాళ్లకి సగటున ఓ పదేళ్ల ఆయుష్షు తగ్గింది, 30 ఏళ్ల వయసులో మానేసినవాళ్లకి ఆ నష్టం దాదాపు మొత్తం తప్పింది, 60లో మానినా ఓ మూడేళ్ల ఆయుష్షు కలిసొచ్చింది. అది మన చేతిలో ఉన్న పని. కానీ దక్షిణ కాలిఫోర్నియాలో గాలి శుభ్రపడుతున్నకొద్దీ పిల్లల ఊపిరితిత్తులు మెరుగ్గా ఎదిగాయి, అక్కడ పిల్లలు చేసిందేమీ లేదు, రూల్స్ మారాయి. పెట్రోల్లో సీసం కలపడం 1920ల్లో మొదలైతే ప్రపంచంలో ఆఖరి దేశం అల్జీరియా ఆపింది 2021లో, దాదాపు వందేళ్లు. మీ ఆర్టికల్‌లో రోజూ వాకింగ్ చేయండి అని ఉంది, చేస్తాం, ఏ రోడ్డు పక్కన చేయాలో కూడా రాస్తే బాగుండేది.

నేనడిగేది చిన్న విషయం. మీరు ఈసారి రాసేటప్పుడు డాక్టర్లని ఈ ప్రశ్న అడగండి, చేసిన ఉద్యోగాలు, తల్లిదండ్రుల పని, చిన్నప్పుడు ఇంట్లో పొగ, ఇవి కేస్ షీట్‌లో ఎందుకు రాయరు అని. మొన్న రెండోసారి వెళ్లినప్పుడు నేనే ఫారం వెనక్కి తిప్పి, నాన్న కంపోజిటర్, సీసం టైపు, 30 ఏళ్లు అని రాసిచ్చా. కౌంటర్లో అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి, ఇది సిస్టంలో ఎక్కించడానికి ఆప్షన్ లేదండి అంది.

ఇట్లు
మీ పాత పాఠకుడు