డిసెంబర్ దాకా ఆగకు, వానల్లోనే రా

చిన్నీ,

నిన్న ఫోన్లో "వానల్లో వచ్చి ఇంట్లో కూర్చోడానికా అమ్మా, డిసెంబర్‌లో వస్తాలే" అన్నావు చూడు, అప్పుడు మీ నాన్న పక్కనే కూర్చుని తలూపేస్తున్నారు కాబట్టి నేనేం మాట్లాడలేదు. ఆయనకి నువ్వేం చెప్పినా సబబే. వాట్సాప్‌లో రాస్తే పైన రెండు లైన్లు చూసి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు, అందుకే తీరిగ్గా మెయిల్ రాస్తున్నా. మొత్తం చదివి అప్పుడు చెప్పు.

ముందు వాన సంగతి. ఇక్కడ నైజీరియాలో, మేముండే లాగోస్‌లో వానలు మనలాగా జూన్‌లో మొదలవ్వవు. ఏప్రిల్‌కే వచ్చేస్తాయి, ఉరుములూ ఈదురుగాలులూ అంతా అప్పుడే. జూన్‌లో దంచికొడుతుంది, ఏడాది మొత్తం మీద పెద్ద వాన ఆ నెలదే. జూలై ఆఖరుకి నెమ్మదిస్తుంది, ఆగస్టులో చాలా రోజులు చినుకు కూడా ఉండదు. దీనికి ఇక్కడ పేరే ఉంది, ఆగస్ట్ బ్రేక్ అంటారు. మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో రెండో విడత. మధ్యలో ఈ సెలవేంటి అని మొదట్లో నాకూ అర్థం కాలేదు, తర్వాత తెలిసింది: ఆ నెలలో వానమబ్బులన్నీ ఉత్తరంగా దేశం లోపలికి జరిగిపోతాయి, అదే సమయంలో గినియా సింధుశాఖలో అడుగున ఉన్న చల్లటి నీళ్ళు పైకొస్తాయి, సముద్రం చల్లబడితే ఇంక మబ్బు ఎదగదు. వీచేది మాత్రం ఇక్కడా నైరుతి గాలే, కాకపోతే అట్లాంటిక్ మీదుగా వస్తుంది. అంటే నువ్వు జూలై మూడో వారంలో దిగి ఆగస్టు మధ్యదాకా ఉన్నావనుకో, వానా చూస్తావు, తెరిపీ చూస్తావు.

ఇంకోటి, నువ్వు డిసెంబర్ అంటే చల్లగా ఉంటుందనుకుంటున్నావేమో. మేం భూమధ్యరేఖకి ఆరున్నర డిగ్రీల దూరంలో ఉన్నామే తల్లీ, ఇక్కడ ఏడాదిలో చల్లటి నెలలు జూలై, ఆగస్టులే. పగలు 28 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. డిసెంబర్‌లో 32 దాటుతుంది, దానికితోడు సహారా నుంచి హార్మట్టన్ అనే పొడిగాలి మోసుకొచ్చే దుమ్ము, కిటికీ తుడిచిన గంటకే మళ్ళీ బూడిద. పైగా ఆ నెలలో లండన్ నుంచీ అమెరికా నుంచీ వీళ్ళ పిల్లలంతా దిగుతారు, డెట్టీ డిసెంబర్ అని తెల్లవార్లూ కచేరీలు, పార్టీలు. విమానం టికెట్లు ఆకాశంలో ఉంటాయి, రోడ్డు మీద కారు కదలదు. సరదాగానే ఉంటుందనుకో. కానీ అప్పుడు ఊరు చుట్టాల కోసం ముస్తాబై ఉంటుంది. నేను నీకు చూపించాలనుకుంటున్నది ఇంట్లో మనుషులు మాత్రమే ఉన్నప్పటి ఊరు.

వరద ఉండదని అబద్ధం చెప్పను. లాగోస్ అంతా చదునే, చాలా చోట్ల సముద్రానికి పెద్ద ఎత్తులో లేదు. లెక్కీ వైపు పెద్ద పెద్ద ఇళ్ళున్నాయని వింటావు కదా, అందులో బోలెడు చిత్తడి నేలలో ఇసక పోసి కట్టినవే, వాన పడితే నీళ్ళకి పోవడానికి తావేదీ? సముద్రం పోటు మీదున్నప్పుడు వాన కూడా పడితే కాలవల్లో నీళ్ళు బయటికి పోవు, వెనక్కే తంతాయి. దానికి తోడు ప్యూర్ వాటర్ అని ఇక్కడ అరలీటరు నీళ్ళు ప్లాస్టిక్ సంచీలో అమ్ముతారు, పళ్ళతో చివర కొరికి తాగేసి సంచీ అక్కడే పడేస్తారు, అవన్నీ చేరేది మురిక్కాలవలోకే. థర్మోకోల్ పొట్లాల్ని 2024 జనవరిలో లాగోస్ రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది, అయినా కాలవల్లో చెత్తకి కొదవ లేదు. 2011 జూలై 10న ఒక్కరోజులో 200 మిల్లీమీటర్ల పైన పడి మనుషులు పోయారు, ఆ తేదీ ఇక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో నాలాలు పొంగడం చూసినదానివి నువ్వు, నీకు కొత్తగా చెప్పేదేముంది. ఎక్కువ దెబ్బ తగిలేది కూడా అక్కడ ఎవరికో ఇక్కడా వాళ్ళకే, కాలవగట్టు మీద రేకులిల్లు వేసుకున్నవాళ్ళకి. మేముండే ఇకేజా లోపలి వైపు, కాస్త మెరక, ఎయిర్‌పోర్టు కూడా ఇక్కడే. కాబట్టి దిగగానే ఇంటికి రావడానికి టెన్షన్ లేదు.

వాన రోజు బయటికెళ్తే ఏముంటుందంటావా. ముందు ఆడవాళ్ళ తలల మీద ప్లాస్టిక్ కవర్లు చూస్తావు. జడలు అల్లించుకోవడానికి పూటంతా కూర్చుని బోలెడు డబ్బు పోస్తారు మరి, బట్టలు తడిస్తే తడవనీ, జుట్టు తడవకూడదు. ఫ్లైఓవర్ కింద జనం గుంపులుగా నిలబడిపోతారు, ఎవడూ వాచీ చూసుకోడు, పసుపు రంగు డాన్ఫో వ్యాన్ల కండక్టర్లు మాత్రం "ఓషోడీ ఓషోడీ" అని వెళ్ళే చోటి పేరు అరుస్తూనే ఉంటారు. కార్లు ఆగిపోయిన చోట గొడుగులు, వైపర్లు, అరటికాయ చిప్స్ అమ్మేవాళ్ళు పుట్టుకొస్తారు. వీధి మోకాళ్ళ లోతు మునిగితే డబ్బు తీసుకుని మనుషుల్ని వీపు మీద మోసుకెళ్ళే కుర్రాళ్ళుంటారు, సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి బూట్లు చేత్తో పట్టుకుని అలా వీపెక్కి వెళ్తుంటే నాకు నవ్వాగదు, మీ నాన్న కళ్ళెర్రజేస్తారు. కరెంటు పోతుంది, ప్రతి ఇంటి వెనకా జనరేటర్ మొదలవుతుంది, మళ్ళీ కరెంటు వచ్చినప్పుడు వీధిలో పిల్లలంతా "అప్ నెపా!" అని ఒకటే కేక. నెపా అన్న కరెంటు సంస్థ ఎప్పుడో పోయింది, కేక మాత్రం పోలేదు.

నేనైతే వానాకాలం కోసం ఎదురుచూసేది తిండికే. మే నుంచే రోడ్డు పక్కన బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తారు, దాంతోపాటు మన ఉప్పూ కారం ఉండవు, కొబ్బరి ముక్క ఇస్తారు, లేదంటే ఉబే అని ఊదారంగు కాయ, నిప్పుల దగ్గర పెడితే మెత్తబడుతుంది, పులుపూ నూనె కలిసినట్టు ఉంటుంది. నీకు మొదటిరోజు నచ్చకపోవచ్చు, పట్టు విడవకు. అకారా అయితే చెప్పక్కర్లేదు, బొబ్బర్లు నానబెట్టి పొట్టు తీసి రుబ్బి నూనెలో వేస్తారు, కళ్ళు మూసుకుని తింటే అమ్మమ్మ చేసిన అలసంద వడే. జోబో అని ఎర్రటి షర్బత్ ఉంటుంది, అది మన గోంగూర జాతి మొక్క పూదొప్పలు మరిగించి చేసేదే. ఆకు వదిలేసి పువ్వు తాగుతున్నారని మొదట బెంగపడ్డాను, ఇప్పుడు నేనే కాస్తున్నా, అల్లం ఎక్కువేసి. జొలోఫ్ అని టమాటాతో వండే అన్నం ఉంది, అది ఎవరిది గొప్పదని వీళ్ళకీ ఘనా వాళ్ళకీ జన్మజన్మల తగాదా ఉంది, అందులో నువ్వు వేలు పెట్టకు.

చూడ్డానికి వానకి అడ్డంరాని చోట్లు చాలా ఉన్నాయి. లెక్కీలో నైకీ ఆర్ట్ గ్యాలరీ అంతస్తుల మీద అంతస్తులు, బట్టల పిచ్చిదానివి, ఆదిరే దగ్గర నుంచి నిన్ను లాక్కురావడం నా తరం కాదు. గంజితో ముగ్గు పెట్టి నీలిరంగులో ముంచే అద్దకం అది, ఆ గ్యాలరీ పెట్టిన నైకీ ఒకుందాయే గారి పేరు ఆ అద్దకంతోనే దేశాలు దాటింది. లాగోస్ ఐలాండ్‌లో ఫ్రీడమ్ పార్క్ ఉంది, తెల్లవాళ్ళ కాలంలో జైలు, ఇప్పుడు అక్కడ పాటలూ నాటకాలూ. ఐలాండ్‌కి వెళ్ళేటప్పుడు థర్డ్ మెయిన్‌ల్యాండ్ వంతెన మీద, దాదాపు 12 కిలోమీటర్లు, నీళ్ళ మీదే పోతాం. పక్కన మకోకో, గుంజల మీద నిలబెట్టిన ఇళ్ళు, పడవల్లో తిరిగే పిల్లలు. కారు ఆపి ఫోటోలు తీస్తానని అనకు. వాళ్ళ ఇళ్ళు అవి.

లెక్కీ అడవిలో చెట్ల మీదుగా 401 మీటర్ల వేలాడే దారి ఉంది, కోతులుంటాయి, అది మాత్రం ఆగస్టులో పొడి రోజు చూసుకుని వెళ్దాం, తడిసిన పలక మీద నేను నడవను. బీచ్‌కి తీసుకెళ్తా, నీళ్ళలోకి దిగనివ్వను. జూలై, ఆగస్టుల్లో ఇక్కడి అల కాళ్ళ కింద ఇసక లాగేస్తుంది, వైజాగ్‌లో దిగినట్టు దిగితే కుదరదు.

పెద్దవాళ్ళని పలకరించేటప్పుడు ఇక్కడి యోరుబా తెగ ఆడపిల్లలు మోకాలు వంచుతారు. నువ్వు పూర్తిగా మోకరిల్లక్కర్లేదు, కొంచెం వంగి "గుడ్ మార్నింగ్ మా" అంటే చాలు, కింద ఫ్లాట్ ఆవిడ రోజంతా నీ గురించే చెబుతుంది. ఎడమచేత్తో ఏదీ ఇవ్వకు, పుచ్చుకోకు, ఈ విషయంలో వీళ్ళు మీ నాయనమ్మకంటే ఘోరం.

ఇక పనులు. ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడలో ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ముందే అపాయింట్‌మెంట్ సంగతి కనుక్కో, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచు, అది లేకపోతే తిరిగి వెళ్ళినప్పుడు మనవాళ్ళే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. మలేరియా మాత్రల గురించి డాక్టర్నే అడుగు, గూగుల్‌ని కాదు, చెప్పినన్ని రోజులు వేసుకో, ఇంటికెళ్ళాక కూడా. తిరిగెళ్ళాక ఎప్పుడు జ్వరం వచ్చినా నైజీరియా వెళ్ళొచ్చానని మొదటి మాటగా చెప్పాలి. 2024 జూన్‌లో ఇక్కడ కలరా వచ్చింది, కాబట్టి బయట ఐసు ముక్కలు బంద్, ఇంట్లో కాచిన నీళ్ళే.

తోలు చెప్పులు తేకు, బూజు పడతాయి. గొడుగు ఇక్కడ కొందాం, పల్చటి శాలువా ఒకటి పెట్టుకో. ఇంగువ, అమ్మమ్మ దగ్గర ఆవకాయ, పూతరేకులు రెండు డబ్బాలు, ఒకటి కింద ఫ్లాట్ ఆవిడకి. ఆవకాయ మూత మీద టేపు గట్టిగా చుట్టు, చేతి సామానులో పెడితే లాగేసుకుంటారు. టికెట్ కొనేముందు తేదీ నాకు చెప్పు. నాన్నకి ఫ్యాక్టరీలో ముందే చెబితేగానీ డ్రైవర్‌ని ఇవ్వరు, రాత్రి దిగే విమానం మాత్రం వద్దు.

అమ్మ