లివర్ జారుతోందా, లిఫ్టే దిగుతోందా?

ఒరేయ్,

ఎలా ఉన్నావురా? మొన్న నువ్వు ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాను. కోపం తెచ్చుకోకు, అప్పుడు నా చేతులనిండా గ్రీజు. ఆ గ్రీజు గోల చెబుదామనే ఈ ఉత్తరం.

నా చిన్న ట్రాక్టర్ సంగతి తెలుసుగా. వెనక తగిలించే రోటావేటర్‌ని, అదే మట్టిని గుల్ల చేసే పనిముట్టుని, ఎత్తుకుని గట్టు దాటుతుంటే అది మెల్లగా దిగిపోయేది. లిఫ్ట్ లివర్ వెనక్కి లాగితే లేచేది, నాలుగు గజాలు పోయేసరికి మళ్లీ కిందికే. ఆయిల్ ఒత్తిడితో దాన్ని ఎత్తే లిఫ్ట్‌లో పంపు పోయిందో, సిలిండర్ సీలు పోయిందో అని రెండు రోజులు ఒకటే టెన్షన్. ఆయిల్ చూశాను, ఫిల్టర్ కూడా మార్చేశాను. మూడో రోజు విసుగొచ్చి లివర్‌ని చేత్తో అలాగే పట్టుకుని నడిపితే రోటావేటర్ కదిలితే ఒట్టు! అంటే లిఫ్ట్ బాగానే ఉంది, ఇంజన్ అదురుకి లివరే జారుతోంది.

ఈ పని మొదటి రోజే చేయాల్సింది. లివర్ పక్కన సుద్దముక్కతో గీత గీసి చూస్తే సరిపోయేది. లివర్ గీత దాటితే తప్పు లివర్‌ది. గీత మీదే ఉండి పనిముట్టు దిగుతుంటే, లేదా ఇంజన్ నడుస్తుండగా తలూపుతున్నట్టు దిగుతూ లేస్తూ ఉంటే, అప్పుడు సీళ్లనో వాల్వునో అనుమానించాలి.

నా బండిలో లివర్‌ని పట్టి ఉంచేది ఒత్తిడే. రెండు ఫ్రిక్షన్ వాషర్ల (రాపిడితో పట్టి ఉంచే బిళ్లల) మధ్య దాన్ని ఒక స్ప్రింగ్ నొక్కి ఉంచుతుంది, ఆ స్ప్రింగ్‌ని ఒక నట్టు బిగిస్తుంది. నట్టు వదులైతే లివర్ జారుతుంది. నేనేమో అంతకుముందు కిర్రుమంటోందని ఆ వాషర్లకే గ్రీజు పూశాను! బ్రేకులకి నూనె పోసినట్టే కదరా. అన్నీ విప్పి, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరబెట్టి మళ్లీ బిగించాను. ఒకేసారి గట్టిగా బిగిస్తే లివర్ మొరాయిస్తుంది, లోతు సర్దుకోవడం కష్టమవుతుంది. అందుకే పావు చుట్టు తిప్పడం, ఇంజన్ రైజ్ చేసి చూడడం, మళ్లీ పావు చుట్టు. ఆ నట్టు లోపల నైలాన్ రింగు ఉండే రకం, పాతదానికి పట్టు పోయింది, కొత్తది వేశాను. స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుపోయినా లివర్ జారుతుంటే మాత్రం వాషర్లు అరిగిపోయినట్టే.

నీ బండి జబ్బు ఇది కాదనుకుంటా. లివర్ జానెడు దూరం లొడలొడా కదిలాక గానీ లిఫ్ట్ కదలట్లేదన్నావు కదా? లివర్ నుంచి వాల్వుకి వెళ్లే రాడ్డు చివర పిన్ను చూడు. పిన్నో, దాని రంధ్రమో అరిగి ఉంటుంది. లివర్ అసలు బరువే లేకుండా ఊగుతుంటే దాన్ని షాఫ్టుకి పట్టి ఉంచే రోల్ పిన్ను (చిన్న గొట్టంలాంటి పిన్ను) విరిగిందేమో చూడు. ఏం చేసినా ముందు రోటావేటర్‌ని నేల మీదికి దించు, ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకో. ఎత్తి ఉంచినదాని కిందికి మాత్రం దూరకు. నువ్వు దూరే రకమే, అందుకే చెబుతున్నా.

పిన్ను తీశాక పారేయకు, కొత్తది కొనేటప్పుడు సైజుకి పనికొస్తుంది. నీ స్పానర్ సెట్టు ఇంకా నా దగ్గరే ఉంది, ఆదివారం తెచ్చిస్తా. అప్పటిదాకా ఆగితే ఇద్దరం కలిసే విప్పుదాం.

నీ
గ్రీజు చేతులవాడు